అంబలి నీళ్ళు కాదట

గెడ్డవలస, అరకు దగ్గర
నవంబరు, సంత మర్నాడు

సోనీకి,

మీ వదిన కనక రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. నేను బాగాలేను.

వైజాగు పెద్దాసుపత్రి నుంచి నిన్ననే వెనక్కి వచ్చాను. కెమెరా పరీక్ష అవలేదు. గొట్టం సగం దూరం కూడా వెళ్ళకుండానే డాక్టరు బయటికి లాగేశాడట. మత్తు దిగాక నర్సు వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. రత్న అని, శ్రీకాకుళం మనిషి.

"ఏటమ్మా ఇది? పేగునిండా ఇసక పోసినట్టుంది. ఏటి తిన్నావు?"

"ఏటీ తిన్లేదమ్మా. మీరిచ్చిన సీటీలో రాసినట్టే నిన్నంతా నీళ్ళే తాగినాను."

"ఏటి నీళ్ళు?"

"అంబలి."

ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు సోనీ. నేను కట్టుకున్న ఆసుపత్రి గౌనుకి వెనక తాళ్ళు కూడా సరిగ్గా లేవు. అలా పడుకుని ఆ నవ్వులు విన్నాను. మనకి అంబలి తిండి ఎప్పుడైందే? ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళకి బదులు ఇచ్చేది అదే. పొలానికి ఆనపబుర్రలో పట్టుకెళ్ళేది అదే. "నీళ్ళలాంటివే తాగాలి" అన్నారు, చిక్కగా ఉంటే బాగోదని ఇంకో రెండు చెంబులు నీళ్ళు కలుపుకుని మరీ తాగాను. చోళ్ళ పొట్టు, వాళ్ళ భాషలో రాగి పొట్టు, పేగుకి అంటుకుపోతుందట. అది ముందే చెప్పాలి కదా!

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మా ఊళ్ళో సిగ్నల్ వచ్చేది కొండవారి బండ మీదే. సాయంత్రమైతే సగం ఊరు ఆ బండ మీదే ఉంటుంది. అక్కడ నిలబడి "నా పేగు శుభ్రం కాలేదే" అని అరవమంటావా? ఇక నువ్వేమో ఫోన్ స్పీకర్లో పెట్టి పొయ్యి ఊదుతూ మాట్లాడే రకం. మా ధర్మన్నయ్య పక్కనే కూర్చుని అంతా వింటాడు. సిగ్గుతో చస్తాను. అందుకే కాగితం.

మీ అన్న పోయి ఏడాది తిరిగింది. ఆయనకీ మొదట ఇలాగే నెత్తురు పడింది. మూలశంక అనుకుని ఆకు పసర్లు తాగుతూ కూర్చున్నాడు. పేగు కాన్సరని తెలిసేసరికి లివరు దాకా పాకింది. నాకూ ఆషాఢం నుంచి పడుతోంది. ఆయన మంచం పక్కన డాక్టరు నిన్ను చూపించి "తోడబుట్టినవాళ్ళు తప్పకుండా ఈ పరీక్ష చేయించుకోవాలి" అన్నాడు, గుర్తుందా? చేయించుకున్నావో లేదో ఈనాటికీ నాకు చెప్పలేదు.

నన్ను మళ్ళీ రమ్మన్నారు. నేను వెళ్ళను. ఒకసారి నవ్వించింది చాలు.

మీ వదిన
కనక

*

పాచిపెంట
నవంబరు

ఓ అంబలి వదినా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే పొయ్యి మీద అన్నం మాడిపోయింది. నీ అన్నయ్య ధర్మ "ఏటే, ఎందుకలా ఇకిలిస్తన్నావు" అని అడిగాడు. చెప్పలేదులే, భయపడకు. ఉత్తరం చదివి గాదె కింద దాచేశాను.

నేను చేయించుకున్నాను వదినా. దసరా వెళ్ళాక. నీకు చెప్పలేదు, ఎందుకంటే చెప్పడానికి ఏమీ లేదు. పేగు అద్దంలా ఉందన్నారు. విజయనగరంలో చేశారు. నీ అన్నయ్యకి బట్టల కొట్టుకి వెళ్తున్నానని చెప్పి ఒక్కదాన్నే సాలూరులో బస్సెక్కాను. సాయంత్రానికి ఒక్కదాన్నే ఇంటికొచ్చి వంట కూడా చేశాను. ఇంత చిన్నదానికి నువ్వు చేసే గోల చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంది.

పేగు కడగడానికి నీకిచ్చిన పొడి పొట్లమే నాకూ ఇచ్చారు, నీళ్ళలో కలిపి తాగేది. తియ్యగా, నిమ్మకాయ సోడాలా ఉంటుంది కదా! ఒక్క గుక్కలో ఎత్తేశాను. రెండుసార్లు దొడ్లోకి వెళ్ళొచ్చాను, అంతే. పగలు మజ్జిగ తాగాను, పెసరకట్టు తాగాను, ఆకలి కూడా తెలియలేదు. ఇక్కడ కొందరు పొట్లం బదులు చిన్న సీసా మందు తాగుతున్నారు, అది తక్కువ తాగితే చాలట. మా పెదత్తగారు మాత్రం అన్నిటికీ ఆముదమే అంటుంది. ఆవిడ లెక్కలో కాలు విరిగినా ఆముదమే.

నువ్వు మళ్ళీ వెళ్ళాలి. నవ్వితే నవ్వారు, వాళ్ళ మొహాలు నువ్వు రేపు చూస్తావా? ఆ నర్సుని నిలదీసి ఏం తాగాలో ఏం తాగకూడదో అంతా అడుగు. పోయిన మా అన్నయ్యలా పసర్లు తాగుతూ కూర్చోకు. నా మాట విను.

ఇక్కడ ఎండలు పోయి చలి మొదలైనా నాకు తిండి సయించడం లేదు. కొత్త బియ్యం వేడి చేసినట్టుంది. మిగతా అంతా క్షేమం.

నీ ఆడపడుచు
సోని

*

గెడ్డవలస
డిసెంబరు

సోనీ,

రాత్రంతా నిద్ర లేదు. కూర్చుంటే నిలబడాలనిపిస్తుంది, నిలబడితే ఎక్కడికైనా పోవాలనిపిస్తుంది. కాఫీ పళ్ళు కోస్తూ కోస్తూ మధ్యలో బుట్ట దించేసి ఊరికే నిలబడుతున్నాను. పండినవి వదిలేసి పచ్చివి తెంపుతున్నానని మా ప్రసాదు కసిరాడు. కొడుకు చేత మాట పడ్డాను, చూడు నా గతి.

నీ ఉత్తరంలో ఒకటి నాకు మింగుడు పడటం లేదు. మొన్న ప్రసాదు బండ మీదకి వెళ్ళి ఆ నర్సు రత్నమ్మకి ఫోన్ చేసి, తాగదగ్గవన్నీ రాయించుకొచ్చాడు. వాడి మొహం చూడాలి, చింతపండు నమిలినట్టు పెట్టాడు. ఆవిడ చెప్పింది ఇదీ. ముందు రోజు ఏది తాగినా గాజు గ్లాసులో పొయ్యాలి. గ్లాసు వెనక అరచెయ్యి పెట్టాలి. గీతలు కనిపిస్తే తాగొచ్చు, కనిపించకపోతే తాగకూడదు. కొబ్బరినీళ్ళు, పంచదార నీళ్ళు, వడగట్టిన పప్పుకట్టు తేట, పాలు లేని పల్చటి కాఫీ తాగొచ్చు. ఎర్రరంగు షర్బత్తులు వద్దు, లోపల నెత్తురులా కనిపిస్తాయి. మరి మజ్జిగలో గీతలు ఎలా కనిపించాయే నీకు? నీకు మజ్జిగ పనికొచ్చి నాకు అంబలి పనికిరాలేదా?

సరే, అది తరవాత చూద్దాం. నాకిప్పుడు ఎటూ తేలటం లేదు. మా ఊరి గాసి తాత విషయం ఎలా తెలుసుకున్నాడో, గుమ్మంలోకి వచ్చి కూర్చుని గుడ్డలోంచి నేపాళం గింజ తీశాడు. "ఒకటరగదీసి తాగీయే. పేగు కడిగేసినట్టయిపోద్ది. ఆ పొడిలెందుకు?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, చెయ్యి చాపాను. మళ్ళీ భయమేసి ప్రసాదు చేత అడిగించాను. రత్నమ్మ ఫోన్లోనే కేకలేసిందట. అది పేగుని కాల్చేస్తుంది, ఒంట్లో నీరంతా లాగేస్తుంది, మనిషి పోయినా పోతుంది అని. ఆముదం కూడా సరిపోదట, కడుపులో నొప్పే తప్ప పేగు గోడలు శుభ్రం కావట. నువ్వు రాసిన చిన్న సీసా అడిగాను. నేను బీపీ మాత్రలు మింగుతాను కదా, కిడ్నీకి మంచిది కాదు, నాకు వద్దన్నారు. చివరికి ఆ పెద్ద పొట్లమే గతి.

అది కూడా సగం ముందు రోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లారుజామున తాగాలట. కిందటిసారి నేను అంతా ఒకేసారి సాయంత్రమే తాగేశాను. తెల్లారుజామున తాగి ఘాట్ రోడ్డులో బస్సెక్కితే నా గతేంటి? ఆ మలుపుల్లో ఎక్కడ ఆపుతాడు? ఎవరిని ఆపమంటాను?  పోనీ రెండు రోజుల ముందే వైజాగు వెళ్ళి ఉండాలంటే ఇక్కడ పళ్ళు రాలిపోతాయి.

ఇంట్లోనే మొదలుపెడదామా అంటే మరుగుదొడ్డి నిండా కాఫీ బస్తాలు. గవర్నమెంటు కట్టించిన నాటి నుంచి అందులో బస్తాలు, కట్టెలే ఉన్నాయి, మనుషులు వెళ్ళింది లేదు.

ఒక్కటి నిజం చెప్పు. మందు తాగాక నీకు భయం వెయ్యలేదా?

కనక

*

పాచిపెంట
డిసెంబరు

వదినా,

వెళ్ళు. పళ్ళు రాలితే రాలనీ. రెండు రోజుల ముందే వైజాగు వెళ్ళు, ఆసుపత్రి పక్కన సత్రం ఉంటుంది, ప్రసాదుని తీసుకుని అక్కడ దిగు. ఘాట్ రోడ్డు బాధ ఉండదు.

మజ్జిగ సంగతి అడిగావు. ఒక్కో ఆసుపత్రికి ఒక్కో పద్ధతి. అంతకన్నా నాకు తెలీదు. ఆ సంగతి వదిలెయ్.

నీకేమైనా అయితే నేను తట్టుకోలేను వదినా. అన్నయ్య పోయాక నాకు పుట్టిల్లంటే నువ్వే. ఆ గడపలో నువ్వుంటేనే నేను రాగలను. ఇంతకన్నా రాయలేను.

నా రవికెలన్నీ వదులైపోయాయి. దర్జీవాడు కొలతలు తప్పు తీశాడు. మళ్ళీ కుట్టించుకోవాలి.

వెళ్ళొచ్చి బేగి ఉత్తరం రాయి.

సోని

*

విశాఖపట్నం, ఆసుపత్రి పక్క సత్రం
జనవరి

సోనీ,

అయిపోయింది! ఈసారి పూర్తిగా చూశారు.

మూడు రోజుల ముందు నుంచి చోళ్ళు లేవు, ఆకుకూరలు లేవు, గింజ ఉన్నది ఏదీ లేదు. తెల్లన్నం, గుడ్డు, తొక్క తీసిన బంగాళాదుంప. నెత్తురు తక్కువని ఇచ్చిన ఐరన్ మాత్రలు కూడా వారం ముందే ఆపించారు. ముందు రోజు సత్రంలో గాజు గ్లాసు అడుక్కుని ప్రతీదీ దాంట్లో పోసి, వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాను. సత్రంలో వాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. ఇన్నేళ్ళు కాఫీ పండిస్తున్నానా, పాలు లేకుండా ఒక్కసారీ తాగలేదు. మన తోటదే వడగట్టి తాగాను. చేదు. కానీ బాగుంది.

ఇక ఆ పొడి. సోనీ, అది తియ్యగా లేదు. సముద్రం నీళ్ళలో బెండకాయ జిగురు కలిపినట్టుంది. నాలుగు చెంబులకి తక్కువ లేదు. కొంచెం తాగి, కొంచెం ఆగి, మళ్ళీ తాగి, ముక్కు మూసుకుని తాగి, మధ్యలో ఒకసారి కక్కుకుని, ఏడ్చి, మళ్ళీ తాగాను. ప్రసాదు గది బయట నిలబడి "అమ్మా, ఇంకో గ్లాసే, ఇంకో గ్లాసే" అంటూనే ఉన్నాడు. మొదటిసారి నేను అంబలి బలంతో ఉన్నాను కాబట్టి రుచి అంతగా తెలియలేదు. ఈసారి ప్రతి గుక్కా తెలిసింది. దొడ్డికి ఎన్నిసార్లు తిరిగానో చెప్పను. తెల్లారుజామున రెండో సగం తాగాక వచ్చింది చూస్తే తేట నీళ్ళే, లేత పసుపు. రత్నమ్మ చూసి "ఇదమ్మా, ఇలాగుండాలి" అని నా భుజం తట్టింది. పరీక్షలో నెగ్గిన గుంటపిల్లలా సంబరపడ్డాను.

లోపల రెండు పిలకలున్నాయట. కండ పెరిగి పుట్టగొడుగుల్లా ఉంటాయట. ఒకటి అక్కడికక్కడే కోసేశారు. రెండోదీ తీసేశారు. నెత్తురు వాటినుంచే. ముక్కలు పరీక్షకి పంపారు. వదిలేస్తే కొన్నేళ్ళకి అలాంటివే మీ అన్నకి వచ్చినట్టు మారతాయని డాక్టరు చెప్పాడు. ఫలితం వచ్చేదాకా నా ప్రాణం గాల్లో ఉంది.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను.

నన్ను లోపలికి తీసుకెళ్ళే ముందు అడిగిన మొదటి మాట "తోడు ఎవరు?" అని. ప్రసాదు సంతకం పెట్టాకే లోపలికి రానిచ్చారు. మత్తు ఇస్తారు కాబట్టి తోడు లేకుండా పంపరట, ఆ రోజు ఒంటరిగా బస్సు ఎక్కనివ్వరట. నా పక్క మంచం ముసలమ్మకి తోడు రాలేదని తిప్పి పంపేశారు. మరి నువ్వు ఒక్కదానివే వెళ్ళి ఒక్కదానివే వచ్చి వంట ఎలా చేశావు? ఒక్క గుక్కలో ఎలా తాగావు? నిమ్మకాయ సోడా ఎక్కడిది? మజ్జిగ ఎక్కడిది?

నువ్వు ఆ పొడి ముట్టుకోలేదే. నీ మాటల వెనక చెయ్యి పెట్టి చూస్తే ఒక్క గీతా కనిపించడం లేదు.

నన్ను పంపడానికి అబద్ధం ఆడావు. నువ్వు "చిన్నదే" అన్నావు కాబట్టే నేను వచ్చాను, అది ఒప్పుకుంటాను. నీ మీద కోపంతో ఒళ్ళు మండుతోంది, నీ కాళ్ళు పట్టుకోవాలనీ ఉంది. కానీ తోడబుట్టినదానివి నువ్వు. డాక్టరు వేలు పెట్టి చూపించింది నిన్ను. తిండి సయించడం లేదంటావు, రవికెలు వదులంటావు. దర్జీవాడి మీదకి తొయ్యకు.

నీకు నెత్తురు పడుతోందా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. ఇంకేమీ రాయకు.

కనక

*

పాచిపెంట

వదినా,

పడుతోంది. దీపావళికి ముందు నుంచి.

దసరా వెళ్ళాక విజయనగరం వెళ్ళిన మాట నిజం. పొట్లం ఇచ్చారు. తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టాను. రోజూ బియ్యం తీసేటప్పుడు చేతికి తగులుతుంది. తాగలేను. అన్నయ్య చివరి నెల నువ్వు ఒక్కదానివే చూడలేదు, నేనూ చూశాను. నాకూ అదే అని చెప్తే ఏం చెయ్యను? తెలియకపోతే ఇంకా కొన్నాళ్ళు మామూలుగా ఉండొచ్చు కదా అనుకున్నాను. నిన్ను మాత్రం అలా వదల్లేకపోయాను.

ధర్మకి తెలీదు. పిల్లలకీ తెలీదు. నువ్వు కోప్పడకు వదినా. నేను మంచిదాన్ని కాదు.

సోని

*

గెడ్డవలస
జనవరి, సంత రోజు

సోనీ,

ముందు మంచి మాట. నా ముక్కల ఫలితం వచ్చింది. చెడ్డది ఏదీ లేదు. కొన్నేళ్ళాగి మళ్ళీ చూపించుకోమన్నారు, అంతే. ఫలితం విన్నప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. గట్టిగా ఏడ్చాను.

నీ ఉత్తరం అందిన సాయంత్రమే బండ ఎక్కాను. సగం ఊరు అక్కడే ఉంది. గాసి తాత కూడా ఉన్నాడు. రత్నమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి సరిగ్గా వినపడలేదు. ఏం చెయ్యను, గొంతెత్తి అరిచాను. "మా ఆడపడుసుకి నెత్తురు పడతంది. మలంలో. పేగు పరీక్ష బేగి సెయ్యాల. ఆల అన్న పేగు కేన్సరుతోనే పోయినాడు" అని.  ఆవిడ డాక్టరుతో మాట్లాడి తిరిగి ఫోన్ చేసేదాకా అక్కడే నిలబడ్డాను. వచ్చే వారం రమ్మన్నారు. సిగ్గు సంగతి నాకు ఇంటికొచ్చాక గానీ గుర్తు రాలేదు.

గాసి తాత నా వెనకే వచ్చాడు. గుమ్మంలో కూర్చుని, చుట్ట ఆర్పేసి, నేల చూస్తూ అడిగాడు. "కనకా, ఆ పొడి ఎక్కడిత్తారే? నాకూ పడతంది." నేపాళం గింజలు మా ఇంటి వెనక పారేసి వెళ్ళాడు. వచ్చే నెల ప్రసాదు తీసుకెళ్తాడు.

నువ్వు భయపడుతున్నావు కాబట్టి చెడ్డదానివి కాలేదు. నేనూ భయపడ్డాను. నాకు "చిన్నదే" అని చెప్పడానికి నువ్వున్నావు, నీకు అలా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు నేనున్నాను. అది చిన్నదని మాత్రం నేను చెప్పను. మందు చండాలంగా ఉంటుంది, కక్కుతావు, నన్ను తిడతావు. లోపల ఏముందో నాకు తెలీదు. ఏదున్నా మీ అన్నకి దొరకని టైము నీకు ఇంకా ఉందేమో. ఆ ఏమో కోసం తాగాలి.

ధర్మన్నయ్యకి నేను చెప్తాను, నువ్వు నోరు విప్పక్కర్లేదు. తోడు ఎవరంటే వదిన అని రాయించు. ఇవాళ్టి నుంచి చోళ్ళు మానెయ్. బియ్యం డబ్బాలోంచి ఆ పొట్లం తీసి దాని మీద తేదీ చూడు, అయిపోతే కొత్తది నేను తెస్తాను. నువ్వు ఒక గ్లాసు తాగితే ఎదురుగా కూర్చుని నేను పాలు లేని కాఫీ ఒక గ్లాసు తాగుతాను. మన తోటదే, వడగట్టి తెస్తున్నాను. గీతలు కనపడతాయి, చూసుకో.

ఈ ఉత్తరం సాలూరు బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఫోన్ చేస్తే నవ్వేసి మాట మార్చేస్తావు, నాకు తెలుసు. శుక్రవారం సాయంత్రం బస్సుకి దిగుతాను. ఈలోగా మీ మరుగుదొడ్లోంచి కోళ్ళని బయటికి తోలేసి, తలుపుకి గడియ పెట్టించు.

మీ వదిన
కనక